సుంకి ఘాట్ చలికీ, బరంపురం గాలికీ ఒకే విండ్‌షీల్డ్ సరిపోతుందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. మీ ఉద్యోగం ఒడిశా కొండల మీది సునాబెడలో, ఇల్లు కింద ఆంధ్ర మైదానంలోని సాలూరులో. శనివారం సాయంత్రం సుంకి ఘాట్ దిగుతారు, సోమవారం తెల్లవారుజామున మళ్లీ ఎక్కుతారు. బండి 350 సీసీ బైకు. కిందటి డిసెంబరులో చలికి తట్టుకోలేక దుకాణంలో స్మోక్ అని అమ్మే పొగరంగు విండ్‌షీల్డ్, 20 అంగుళాల ఎత్తుది, బిగించుకున్నారు. ఛాతీకి చలి తగ్గింది. కానీ వేగం 60 దాటగానే హెల్మెట్ దడదడలాడుతోంది, ఇంటికి చేరేసరికి మెడ పట్టేస్తోంది. మీ ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. మీ తమ్ముడి ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు. అదే బండి మీద అతను బరంపురం వెళ్తే తలకు ఏ ఇబ్బందీ లేదు కానీ, తీరం వెంబడి పక్కగాలికి హ్యాండిల్ లాగేస్తోంది. ఇంకా పెద్దది వేయించుకోమని దుకాణదారు సలహా. ఇద్దరికీ, అన్ని కాలాలకూ పనికొచ్చేది ఒకటి చెప్పమన్నారు.

నేను జయపురంలో ఉంటాను. పంపుసెట్ల విడిభాగాల అమ్మకం పని మీద 22 ఏళ్లుగా కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో బైకు మీదే తిరుగుతున్నాను. ఇన్నేళ్లలో 3 బళ్లకు 9 విండ్‌షీల్డులు మార్చి చూశాను. ముందు అసలు మాట చెప్పేస్తాను: ఇంకా పెద్దది కొనకండి. మీకు కావలసింది ఇప్పుడున్నదాని కంటే చిన్నది, రంగులేనిది.

విండ్‌షీల్డ్‌ను చాలామంది గోడ అనుకుంటారు. గోడ ఎంత ఎత్తుంటే అంత రక్షణ అని లెక్క వేసుకుంటారు. నా దృష్టిలో అది చెరువు అలుగు లాంటిది. వానాకాలంలో అలుగు పారేటప్పుడు గమనించే ఉంటారు. అంచు మీద నీరు అద్దంలా నున్నగా జారుతుంది, దాటి కిందికి పడిన చోట సుడులు తిరుగుతుంది. విండ్‌షీల్డ్ పై అంచు దాటిన గాలి కూడా అంతే. అంచు పైన ఒక నున్నటి పొర ఉంటుంది, అంచు వెనుక సుడి ఉంటుంది. తల నున్నటి పొరలో ఉంటే ఎంత వేగంలోనైనా హెల్మెట్ కదలదు. సుడిలో ఉంటే, గాలి తక్కువగానే తగులుతున్నా, క్షణానికో దిక్కు నుంచి తగులుతుంది. ఆ దడదడ అదే. 20 అంగుళాల పలక మీ తమ్ముడికి ముక్కు దగ్గర ఆగుతోంది కాబట్టి గాలి అతని హెల్మెట్ మీదుగా సాఫీగా పోతోంది. మీకు అదే పలక కళ్లకంటే పైకి లేచింది. మీ తల మొత్తం సుడిలో ఉంది. పైగా పలక వెనుక గాలి ఒత్తిడి తగ్గిపోయి, వీపు వైపు గాలి ముందుకు తిరిగి వస్తుంది. వెనుక నుంచి ఎవరో నెట్టినట్టు అనిపిస్తోందని రాశారు, కారణం అదే.

ఘాట్‌లో ఇది తెలియకపోవడానికి కారణం వేగం. గాలి తోపు వేగానికి వర్గంగా పెరుగుతుంది. 40 నుంచి 80కి వెళ్తే గాలి తాకిడి రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. అందుకే సుంకి మలుపుల్లో 30, 35 మీద ఏ విండ్‌షీల్డ్ అయినా మంచిదే అనిపిస్తుంది. సాలూరు దాటి రామభద్రపురం వైపు రోడ్డు సాపు కాగానే దాని గుణం బయటపడుతుంది.

ఇప్పుడు కొలత. మీరు రోజూ వేసుకునే హెల్మెట్, బూట్లు వేసుకుని, బండిని సమనేల మీద నిలబెట్టి, నడిపేటప్పుడు ఎలా కూర్చుంటారో అలాగే కూర్చోండి. ముందు 15 మీటర్ల దూరంలో రోడ్డు మీద ఒక ఇటుక పెట్టించి దాన్నే చూడండి. పక్కన నిలబడిన వాళ్లు మీ కంటి నుంచి ఆ ఇటుక వైపు ఒక దారం లాగి పట్టుకుంటే, దారం పలకను దాటే చోటు తెలుస్తుంది. అక్కడ టేపు ముక్క అంటించండి. పలక పై అంచు ఆ టేపుకు రెండు అంగుళాలు కింద ఉండాలి. దీనికి మినహాయింపు లేదు. మీ చూపు పలక మీదుగా పోవాలి, పలక లోంచి కాదు. లోంచి చూసి నడిపితే కాలం ఏదైనా ఒక రోజు అది మోసం చేస్తుంది.

నాకు ఆ రోజు ఒక జనవరి సాయంత్రం వచ్చింది. అప్పట్లో నాదీ మీ లాంటి పొగరంగు పలకే, కళ్లకంటే పైకి ఉండేది. పొట్టంగి దాటి కిందికి దిగుతున్నాను. ఆరు కాకముందే కొండ నీడలో చీకటి పడింది, లోయలోంచి పొగమంచు లేస్తోంది. పలక బయటి వైపు మంచు చెమ్మ ఆవగింజంత చుక్కలుగా పట్టింది. తుడుద్దామని చేయి చాపితే లోపలి వైపు కూడా పట్టిందని అప్పుడు తెలిసింది. ఎదురుగా ఒక లారీ దీపాలు వేసుకుని మలుపు తిరిగింది. ఒక్కసారిగా ప్రతి చుక్కా ఒక దీపమైంది. కళ్ల ముందు వెలుగు తప్ప రోడ్డు లేదు. అప్రయత్నంగా సీటు మీద నుంచి కొంచెం లేచి పలక మీదుగా చూశాను. వెనుక దీపాలు లేని ఒక టిప్పర్ రోడ్డు అంచున ఆగి ఉంది. బ్రేకు వేస్తే దాని వెనుక తలుపుకు మూరెడు దూరంలో ఆగాను. ఇంజను ఆపేసి చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ఆ టిప్పర్ డ్రైవరు కిందికి దిగి నాకు నీళ్లిచ్చాడు. మర్నాడు జయపురం చేరగానే ఆ పలక తీసేశాను. అప్పటి నుంచి రంగు పలక నా బండి ఎక్కలేదు. పగటి ఎండకు కళ్లు మిరుమిట్లు గొలిపితే రంగు కళ్లద్దాలు పెట్టుకోండి, చీకటి పడితే తీసి జేబులో పెట్టుకోవచ్చు. పలకను తీసి జేబులో పెట్టుకోలేం.

ఇక మీ సోమవారం చలి గురించి. సాలూరు సముద్రమట్టానికి దాదాపు 120 మీటర్ల ఎత్తులో ఉంది, సునాబెడ సుమారు 900. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కనుక మీరు గంటన్నరలో ఐదు డిగ్రీల చలిలోకి ఎక్కుతున్నారన్నమాట. దానికి గాలి తోడవుతుంది. 10 డిగ్రీల చలిలో 60 వేగంతో వెళ్తే కప్పుకోని చర్మానికి అది 5 డిగ్రీల చలిలా తగులుతుంది. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి, 1672 మీటర్ల శిఖరం, మీ దారికి పక్కనే ఉంది. పొట్టంగి నుంచి సెమిలిగుడ దాకా ఆ పీఠభూమి గాలి ఎముకల్లోకి దిగుతుందని మీకు నేను చెప్పనవసరం లేదు. ఇక్కడ విండ్‌షీల్డ్ చేసే అతి పెద్ద మేలు ముఖానికి కాదు, ఛాతీకి. ఛాతీ చల్లబడితే శరీరం ముందుగా వేళ్లకు రక్తం తగ్గించేస్తుంది. వేళ్లు మొద్దుబారితే క్లచ్, బ్రేకు మీద అదుపు పోతుంది. కాబట్టి చలికాలపు పలకకు ఎత్తు కంటే వెడల్పు ముఖ్యం. భుజాల దాకా కాకపోయినా, బొడ్డు నుంచి మెడ వరకు ఛాతీ మొత్తం దాని చాటున ఉండాలి. ముఖం సంగతి హెల్మెట్ చూసుకుంటుంది. చేతులకు మాత్రం ఇలాంటి విండ్‌షీల్డులు పెద్దగా రక్షణ ఇవ్వవు. హ్యాండిల్‌కు చేతి గార్డులు వేయించుకోండి. మీ దారికి నేనైతే విండ్‌షీల్డ్ కంటే ముందు వాటికే డబ్బు పెడతాను.

వానాకాలంలో ఎత్తు పలక వల్ల ఒక చిక్కు ఉంది, దాన్ని కొనేముందు ఎవరూ చెప్పరు. హెల్మెట్ అద్దం మీద పడ్డ చినుకులను తుడిచేది గాలే. 50 వేగంలో తల కొంచెం పక్కకు తిప్పితే చినుకులు జారిపోతాయి. ఎత్తు పలక వెనుక తల దాచుకుంటే ఆ గాలి అందదు. చినుకులు అద్దం మీదే కూర్చుంటాయి, లోపల ఊపిరి ఆవిరి పట్టేస్తుంది. అంటే పలక మీద ఒక పొర, హెల్మెట్ అద్దం బయట ఒక పొర, లోపల ఒక పొర. జూలై, ఆగస్టుల్లో కోరాపుట్ వైపు ముసురు పడితే రోజుల తరబడి వదలదు. ఆ రోజుల్లో నేను పొట్టి పలకతో, రెయిన్‌కోటుతో వెళ్తాను. ఛాతీకి వాన దెబ్బ తగలదు, కళ్ల ముందు గాలి ఆడుతుంది. హెల్మెట్ అద్దం లోపల ఆవిరి పట్టకుండా అంటించే పలుచటి పొరలు దొరుకుతాయి. అవి నిజంగా పనిచేస్తాయి.

ఎండాకాలం గురించి రెండు రకాల మాటలు వింటాం. విండ్‌షీల్డ్ పూర్తిగా పీకేయమని కొందరు, వడగాలికి అడ్డం ఉంచమని కొందరు. గాలి మన చర్మం కంటే చల్లగా ఉన్నంతవరకు, అంటే సుమారు 35 డిగ్రీల లోపు, గాలి తగలడం మంచిదే. సునాబెడలో చాలా రోజులు ఇలాగే ఉంటుంది. సాలూరు మైదానంలో మే నెల మధ్యాహ్నం 42 దాటినప్పుడు మాత్రం వేడి గాలి ఒంట్లోంచి వేడి తీసుకుపోదు, ఒంట్లోకి పోస్తుంది. చెమట పట్టినట్టు తెలియకుండానే ఆరిపోతుంది, నీరసం ఒక్కసారిగా ముంచుకొస్తుంది. అందుకే మైదానంలో ఛాతీ వరకు పొట్టి పలక ఉంచి, పొడవు చేతుల నూలు చొక్కా తడిపి వేసుకుంటాను. ఎత్తు పలక అయితే వేసవిలో వద్దే వద్దు. ఇంజను వేడి దాని చాటున పైకి లేచి మీ పొట్ట దగ్గరే తిరుగుతుంది.

మీ తమ్ముడి సమస్య పలక ఎత్తుది కాదు, పలక బిగించిన చోటుది. మీ పలక హ్యాండిల్‌కు క్లాంపులతో బిగించిన రకం అనుకుంటున్నాను. ఆ రకానికి పక్కగాలి తగిలితే ఆ తోపు నేరుగా హ్యాండిల్‌కు వెళ్తుంది. హ్యాండిల్ తిరిగితే చక్రం తిరుగుతుంది. బండి చట్రానికి బిగించిన పలక అయితే గాలి బండి మొత్తాన్ని నెడుతుంది తప్ప చక్రాన్ని తిప్పదు. విజయనగరం దాటి నాతవలస దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కిన తర్వాత పలాస, ఇచ్ఛాపురం మీదుగా బరంపురం వరకు సముద్రపు గాలి చాలా చోట్ల పక్క నుంచే కొడుతుంది. లారీని దాటేటప్పుడు ఇంకో ప్రమాదం. లారీ చాటులో గాలి ఆగిపోతుంది, దాని ముక్కు దాటిన మరుక్షణం పక్కగాలి, లారీ చీల్చిన గాలి కలిసి ఒక్క దెబ్బగా తగులుతాయి. హ్యాండిల్‌ను బిగపట్టుకోవద్దని అతనికి చెప్పండి. మోచేతులు వదులుగా, మోకాళ్లు ట్యాంకుకు అదిమి ఉంచాలి. మీ బండి మోడల్‌కు చట్రానికి లేదా హెడ్‌లైటు బ్రాకెట్లకు బిగించే రకం దొరుకుతుందేమో వెతకండి. హెడ్‌లైటు బ్రాకెట్ కూడా ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుతో పాటే తిరుగుతుంది కాబట్టి మొదటిదే మేలు. దొరక్కపోతే పైభాగం సన్నగా, అంచులు గుండ్రంగా ఉన్న పలక ఎంచుకోండి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక ఉంటే ఆ రోడ్డు మీద బైకు తీయనివ్వకండి. 2013లో ఫైలిన్ బరంపురం పక్కన గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. రెండూ అక్టోబరే, రెండూ అతను వెళ్లే దారి మీదే.

దుకాణంలో అన్నిటినీ ఫైబర్ అంటారు. నిజానికి రెండు రకాలుంటాయి. ఆక్రిలిక్ పలక చాలా తేటగా ఉంటుంది, తొందరగా గీతలు పడవు, కానీ రాయి తగిలితే పగులుతుంది. పడిపోతే దాని ముక్కలు కత్తుల్లా ఉంటాయి. పాలికార్బొనేట్ దెబ్బ తగిలితే వంగుతుంది తప్ప అంత తేలిగ్గా పగలదు. దాని బలహీనత గీతలు, ఎండకు పసుపెక్కడం. పైపూత ఉన్నది తీసుకుంటే ఈ రెండూ చాలావరకు తగ్గుతాయి. కంకర లారీలు తిరిగే మన ఘాట్ రోడ్లకు నా ఓటు పూత ఉన్న పాలికార్బొనేట్‌కే. మందం 3 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. 2 మిల్లీమీటర్లది 70 దాటితే రేకులా ఊగుతుంది.

బిగించేటప్పుడు చేసే తప్పులకే ఎక్కువ పలకలు పాడవుతాయి. ప్లాస్టిక్ ఎండకు సాగుతుంది. 40 సెంటీమీటర్ల పలక, జనవరి తెల్లవారుజాము చలికీ మే నెల ఎండలో ఆపిన బండి మీది వేడికీ మధ్య మిల్లీమీటరుకు పైగా పెరుగుతుంది. బోల్టు రంధ్రం ఇరుకుగా ఉంటే ఆ పెరుగుదలకు చోటు లేక రంధ్రం చుట్టూ సన్నటి పగుళ్లు మొదలవుతాయి. రంధ్రం బోల్టు కంటే కొంచెం వదులుగా ఉండాలి, మధ్యలో రబ్బరు బుష్షు, రెండు వైపులా నైలాన్ వాషర్లు ఉండాలి. చేత్తో బిగుసుకున్నాక పానాతో సగం చుట్టు చాలు. మెకానిక్ బలం కొద్దీ తిప్పబోతే చేయి పట్టుకుని ఆపండి. బోల్టులు వదులు కాకుండా వేసే జిగురు మందు పాలికార్బొనేట్‌కు తగిలితే పగుళ్లు తెస్తుంది. దాని బదులు లోపల నైలాన్ ఉన్న నట్లు వాడాలి. బిగించాక హ్యాండిల్‌ను ఆ చివరి నుంచి ఈ చివరి వరకు తిప్పి చూడండి. ట్యాంకుకు గానీ, క్లచ్ తీగకు గానీ పలక తగిలితే ఘాట్‌లో యూ మలుపు దగ్గర బండి తిరగదు.

తుడవడం గురించి ఒక్క మాట. పెట్రోలు, కిరోసిన్, ఇంటి అద్దాలు తుడిచే నీలం మందు, ఈ మూడూ పలక దగ్గరకు రానివ్వకండి. ఒక సర్వీసు కుర్రాడు నా కొత్త పలకను ప్రేమగా పెట్రోలు గుడ్డతో తుడిచి ఇచ్చాడు. వారంలో దాని మీద సాలెగూడు లాంటి గీతలు లేచాయి. చచ్చిన పురుగులు అంటుకుంటే తడిగుడ్డ పది నిమిషాలు పలక మీద పరిచి ఉంచండి, అవే మెత్తబడి వస్తాయి. పొడిగుడ్డతో మాత్రం ఎప్పుడూ తుడవద్దు. దానికి పట్టిన దుమ్మే గరుకు కాగితం అవుతుంది.

కాబట్టి ఒకే పలక మీ ఇద్దరికీ కుదరదు. ఒకే బిగింపు, రెండు రంగులేని పలకలు అయితే బాగా కుదురుతుంది. నాలుగు బోల్టుల పని, పది నిమిషాలు పడుతుంది. అతనికి 20 అంగుళాలు, అంచులు గుండ్రంగా ఉన్నది. మీకు ఎంత అన్నది నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, మీ దగ్గరున్న పొగరంగు పలకే చెబుతుంది. దాన్ని పారేయకండి, కొలత తీయడానికి వాడుకోండి.

మొదట ఖర్చు లేని పని చేయండి. పలకను వెనక్కి ఒక మెట్టు వాల్చి, క్లాంపులు కొంచెం పైకి జరిపి, హెడ్‌లైటుకూ పలక కింది అంచుకూ మధ్య రెండు వేళ్ల సందు వదలండి. ఆ సందులోంచి వచ్చిన గాలి పలక వెనుక ఒత్తిడి నింపుతుంది, వీపు మీది తోపు చాలా తగ్గుతుంది. ఆ తర్వాత ఖాళీ రోడ్డు మీద 60, 70 దగ్గర ఫుట్‌రెస్టుల మీద కొంచెం లేవండి. లేచినప్పుడు తల నిమ్మళిస్తే పలక మీకు ఎత్తు ఎక్కువ. వంగినప్పుడు నిమ్మళిస్తే తక్కువ. మీ విషయంలో మొదటిదే జరుగుతుందని అనుకుంటున్నాను.

అప్పుడు పలక విప్పి, పై అంచుకు అర అంగుళం కింద కాగితం టేపు అంటించి, ఆ గీత వెంట సన్న పళ్ల హ్యాక్సా బ్లేడుతో నెమ్మదిగా కోయండి. పలకను బల్ల మీద గట్టిగా అదిమి పట్టేందుకు మీ తమ్ముడిని పిలవండి. మూలలు గుండ్రంగా తీయాలి, కోసిన అంచును ఆకురాయితో, తర్వాత నీటిలో తడిపిన గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి. చిన్న గాటు మిగిలినా పగులు అక్కడి నుంచే పాకుతుంది. బిగించి, రామభద్రపురం దాకా వెళ్లి రండి. ఇంకా కొట్టుకుంటుంటే ఇంకో అర అంగుళం. ఒకేసారి రెండు అంగుళాలు కోయకండి. నా అంచనా 15, 16 అంగుళాల మధ్య ఎక్కడో మీ హెల్మెట్ ఒక్కసారిగా నిశ్శబ్దమవుతుంది. అక్కడ ఆపి, మధ్యలో నిలువుగా కొలిచి, ఆ కొలతకే రంగులేని పలక తెప్పించుకోండి.